ముసలి కుక్క, సగం నంది

నాయనా,

రేపు నీ సంవత్సరీకం. వంటమనిషికి చెప్పి వద్దామని పోయినవారం నంద్యాల పోయినవాణ్ణి, దిక్కులేని కుక్కల్ని సాకే షెడ్డు నుంచి ఒక ముసలి కుక్కను తెచ్చుకున్నాను. అమ్మ ఒకటే తిట్టు. "పిల్లకుక్క దొరకలేదా? ఇదెన్నాళ్లు బతుకుతాదిరా?"

దానికి కళ్లు కనబడవు. ఇచ్చేటప్పుడు అక్కడి ఆమె గట్టిగా చెప్పింది. "సామాన్లు జరపొద్దన్నా. ఏది యాడుందో గుర్తుపెట్టుకొని తిరుగుతాది."

నాకేమో నువ్వు పోయినప్పటి నుంచి చేయి నిలవదు. నువ్వు సగం చెక్కి వదిలేసిన నందిని ఆళ్లగడ్డలో మన శిల్పాల షెడ్డులోనే గడ్డపారతో ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూనే ఉన్నాను. ఎక్కడ పెట్టినా కంటికి అడ్డమే. ఉలి మాత్రం పెట్టలేదు.

నిన్న రాత్రి మళ్లీ జరిపాను. పొద్దున కుక్క అలవాటైన దారిలో వచ్చి రాయికి ముక్కు కొట్టుకుంది. ఎటు పోవాలో తెలియక వణుకుతూ అక్కడే నిలబడిపోయింది.

అమ్మ వాకిట్లోంచి అరిచింది. "ఏందిరా చేస్తాండావ్? మీ నాయన పెట్టినకాడ పెట్టు దాన్ని!"

పెట్టాను. నువ్వు కూర్చునే గోనెపట్టా ముందరే. కుక్క వాసన చూసుకుంటూ వచ్చి నందిని ఆనుకుని పడుకుంది. ఇక నందిని జరపడానికి లేదు. ఎదురుగా పెట్టుకుని ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

నీ గోనెపట్టా మీద కూర్చుని ఉలి పట్టాను, నాయనా. మొదటి దెబ్బకు కుక్క చెవి కదిలింది. లేవలేదు.