తడిసిన పొడి

2003, విశ్వకర్మ పూజ ముందురోజు

ఆటోనగర్ షెడ్డులో పొడి గదిని ఈరోజు నీళ్లు పోసి కడిగించాడు అప్పారావు, నా పార్ట్‌నర్. అల్యూమినియం పొడి తడిస్తే లోలోపలే కాగి గ్యాసు వదులుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఎన్నిసార్లు మొత్తుకున్నాను!

"పూజకి కడక్కపోతే ఎలాగ బావా?" అని నవ్వేశాడు.

మూత వదులైన పొడి డ్రమ్ము మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"ఎండకి కాగుంటాది. ఏటీ అవదు."

పొద్దుటి నుంచి ముసురే. ఫర్నేసు వెలిగించనే లేదు.

రేపు పొడి నొక్కి పార్టులు కొట్టే ప్రెస్సుకీ, ఆ డ్రమ్ముకీ కర్పూర హారతట. అంతకుముందే డ్రమ్మును బయటికి లాగించొచ్చులే అనుకుని ఇంటికొచ్చేశాను. పూజ సామాన్లకి కాపలాగా ఆ గది గుమ్మంలోనే పడుకుంటానన్నాడు వాడు.

దోమలెక్కువని కాయిల్, అగ్గిపెట్టె కొనుక్కున్నాడని ఇప్పుడు, ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.