భాగ్యమ్మ అత్తయ్య క్రిస్మస్ పెట్టెలు

డిసెంబర్ 1, ఉదయం 6:10

నిర్ణయం తీసుకున్నాను! ముదినేపల్లి నుంచి వచ్చిన అయిదు అట్టపెట్టెలూ క్రిస్మస్ లోపు ఒక్క పెట్టె అయిపోవాలి.

భాగ్యమ్మ అత్తయ్య జూలైలో పోయింది. పిల్లల్లేని మనిషి. దుద్దులు మా చెల్లికి, కుట్టుమిషను పక్కింటావిడకి, క్రిస్మస్ సామాను నాకు అని చెప్పి మరీ పోయింది. గుడివాడలో నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ ముదినేపల్లిలో వాళ్ళింట్లోనే ఉన్నాను. ప్రేమ ప్రేమే. కానీ బందరులో మాది రెండు గదుల అద్దె ఇల్లు.

నియమం: ఎందుకుంచాలో వెంటనే చెప్పలేకపోతే, బయటికే!

డిసెంబర్ 2, సాయంత్రం 5:30

ఒకటో పెట్టె.

బోడి మెరుపు తోరణాలు తొమ్మిది. మంచు అని పరిచే దూది, ఇప్పుడు మట్టి రంగు. నొక్కితే పాట వచ్చే గంటలు. ముక్కూడిన క్రిస్మస్ తాత. ముక్కు బదులు అత్తయ్య కుట్టిన ఎర్ర బొత్తాం.

పారేసినవి: సున్నా. మొదటి రోజు కదా, పరిచయాలు మాత్రమే.

డిసెంబర్ 5

పశువుల పాక బొమ్మలు. పుట్టిన బిడ్డకి కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో ఒకడు ఎప్పుడో పగిలిపోతే, వాడి చోట అత్తయ్య కొండపల్లి బొమ్మను పెట్టింది. నడుముకి ముంతతో కల్లుగీసేవాడు. బంగారం, సాంబ్రాణి, కల్లు!

ఎవరైనా అడిగితే, "అంత దూరం నుంచి వచ్చారు, దాహం వేయదా?" అనేది.

వీణ్ణి తప్పకుండా పారేయాలి. రేపు.

డిసెంబర్ 9

వాన. తేమలో పాత సామాను ముట్టుకోకూడదు. ఎవరు చెప్పారు? నేనే.

మా ఆయన హేమంత్ అడిగారు: "ఎంతవరకూ వచ్చింది?"

"విడదీస్తున్నానండీ."

"ఆ పాటల గంటలు నొక్కుకుంటూ కూర్చోవడమేనా విడదీయడం?"

డిసెంబర్ 13, ఉదయం 11:00

సాధించాను! పాక బొమ్మల పెట్టె సండే స్కూలు బుల్లెమ్మగారికి ఇచ్చేశాను. ఇక నాలుగే! ఖాళీ అయిన చోట కుర్చీ వేసుకుని కాఫీ తాగాను. రెండుసార్లు.

డిసెంబర్ 14, ఆదివారం, మధ్యాహ్నం

చర్చిలో పాక పెట్టారు. జ్ఞానులు ఇద్దరే. మూడోవాడు కిటికీ గట్టు మీద, చీపురు పక్కన.

"అతన్ని అక్కడ పెట్టారేంటండీ?"

"కల్లుగీసేవాడమ్మా! పాస్టరుగారు చూస్తే బాగుంటుందా? పారేద్దామని తీశాను," అన్నారు బుల్లెమ్మగారు.

నేను పారేద్దామనుకున్నవాడే. కానీ ఆవిడ ఆ మాట అనగానే ఒళ్ళు మండిపోయింది.

"మా అత్తయ్య పెట్టిన మనిషండీ అతను. అతను లేకపోతే మిగతావాళ్ళూ ఉండరు."

మరియ, యోసేపుతో సహా అందరినీ మళ్ళీ పెట్టెలో వేసుకుని ఆటో ఎక్కాను. ఒక గొర్రె అక్కడే ఉండిపోయింది. ఆటోలో ఏడుపొచ్చింది. జూలైలో రాని ఏడుపు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆటో అతను.

"మా అత్తయ్య పోయింది."

"అయ్యో! ఎప్పుడమ్మా?"

"జూలైలో."



డిసెంబర్ 24, సాయంత్రం 4:00

అత్తయ్య భర్త దైవాధీనం మావయ్య బస్సు దిగి వచ్చారు. రెండు చేతుల్లో రెండు పెట్టెలు!

"ఇవెక్కడివి మావయ్యా?"

"అప్పుడు అయిదే ఇచ్చానమ్మా. ఈ రెండూ ఇవ్వబుద్ధి కాలేదు. పోనీ నేనే విప్పుదామంటే, ఒక్కణ్ణీ విప్పలేకపోయాను."

ముగ్గురం కూర్చుని విప్పాం. అన్నీ చిక్కుపడిన లైట్లే.

"మీ అత్తకి చిక్కు తీసే ఓపికెక్కడిది? ఏటా కొత్తవి కొనేది," అని నవ్వారు మావయ్య. తర్వాత తల వంచుకుని ఇంకో ముడి పట్టుకున్నారు. పొద్దుగూకేలోపు ఒక్క దండ వెలిగింది. అందులోనూ సగమే. అయినా ముగ్గురం చప్పట్లు కొట్టాం.

డిసెంబర్ 26

హేమంత్ పెట్టెలు లెక్కపెట్టారు. ఏడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. మళ్ళీ ఏడే. 

జనవరి 1, ఉదయం 7:00

కొత్త నిర్ణయం! ఏడు పెట్టెలూ ఈస్టర్ లోపు ఒక్క పెట్టె అయిపోవాలి. ఈసారి ఖాయం. ముందే చెప్పడం మర్యాద కదా అని మావయ్యకి ఫోన్ చేశాను.

"మంచి పనే అమ్మా. కానీ నేనొచ్చాక చేద్దాం. తొందరేముంది?"

"ఎప్పుడొస్తారు మావయ్యా?"

"డిసెంబర్లో."

సరేనన్నాను.