నల్లపెట్ట జోలికెల్లకు

బావా, అమ్మని సూడ్డానికి గజపతినగరం ఎల్తన్నాను. ఎండెక్కితే కోళ్లకి సల్లటి నీళ్లెట్టు. గుడ్డు పెంకు గట్టిగా ఉండాలి, నూకల్లో నత్తగుల్లలు దంచి కలుపు.

నల్లపెట్ట గుడ్లెట్టడం నేదని దాన్ని కూరకి కోసీకు. దాని గంప నువ్వే మోటారు పక్కకి జరిపీసినావు. ఆ గోలలో ఎవులు గుడ్లెడతారు? సీకటి సోటు ఎతుక్కుని, మంచం కింద నీ హెల్మెట్లో ఎడతన్నాది. నేను ముచ్చటపడి కొనిస్తే నువ్వు ఒక్కనాడైనా నెత్తినెట్టుకున్నావేటి? దానికున్న బుద్ది నీకు నేదు.

ఒక గుడ్డు అందులోనే ఉంచినాను. తీసీకు, సోటు మార్సీస్తాది.

తాయారు

ఇంకోటి: ఆ హెల్మెట్ ఇక దానిదే. సాయంత్రం కొత్తది కొని, ఎట్టుకుని నన్ను తీసుకెల్డానికి రా. బోసి నెత్తితో వస్తే నీ బండెక్కను, బస్సుకొచ్చీస్తాను.