హారన్ వెనక నీ కేక

తమ్ముడూ,

నువ్వు పోయి ఈరోజుకు మూడేళ్లు. కల్లూరు రోడ్డు మీద "అక్కా, జరుగు!" అని నన్ను తోసేసి నువ్వు ఆటో కింద పడ్డావు. అప్పటినుంచి ఏ హారన్ విన్నా దాని వెనకే నీ కేక వినిపించేది, నా కాళ్లు వణికేవి.

కర్నూలులో డాక్టరమ్మ వారం వారం ఆ సంగతే నా చేత చెప్పించింది. "చెప్పిన ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు మెత్తబడతాదమ్మా, అప్పుడు భయం వదులుతాది. నీ తమ్ముడు యాడికీ పోడు," అంది. మన మగ్గం నూలు తడిపితే గంజి వదిలినట్టేమో అనుకున్నాను.

ఈ పొద్దున అమ్మతో షేర్ ఆటో ఎక్కాను. వెనక లారీ హారన్ కొట్టింది. నా కాళ్లు వణకలేదు. "నీకు నయమైపోయింది మే!" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అమ్మకు ఎలా చెప్పేది తమ్ముడూ? నాకు హారన్ ఒక్కటే వినిపించింది.