ముద్ర మీద ఊరి పేరు

అక్కా,
ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అప్పులు తీర్చలేక కోర్టులో ఐపీ పెట్టిన మాట నిజం. ఊరొదిలి పారిపోయానని అక్కడ అనుకుంటున్నది అబద్ధం. కుట్టుమిషను బతుకుతెరువు పనిముట్టు కాబట్టి దాని జోలికి ఎవరూ రారని లాయరు చెప్పాడు. ఇక్కడి ఖరిదా బజారులో కొట్టు రోజూ తీస్తూనే ఉన్నాను.

నిన్న నాకు అప్పిచ్చిన గవరయ్య మావ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఐపీ ఎట్టినోడివి, కొట్టు తీసి కూకున్నావేటి?" అన్నాడు. "ఎక్కడికి ఎల్తాను మావా?" అన్నాను. సంచిలోంచి పంట్లాం తీసి పొట్టి చెయ్యమన్నాడు.

చంటిదాని లంగా కొలతలు రాయి, దసరాకి కుట్టి పంపుతాను. బావకు నమస్కారాలు.

ఫోనైతే ఎక్కడినుంచైనా చెయ్యొచ్చంటారని కార్డు రాస్తున్నాను. దారిలో నలుగురూ చదివినా పరవాలేదు. ఎవరైనా అడిగితే వాదించకు, దీని మీది ఖరగ్‌పూర్ పోస్టు ముద్ర చూపించు.

నీ తమ్ముడు
వాసుదేవ్