నంబరు పలకకు గంధం

దినేశా,

శ్రావణ శనివారం గనుక గండి గుడికి బయలుదేరుతున్నాను. ఎర్రగుంట్లలో హెల్మెట్ లేకుండా బండి నడిపినట్టు వచ్చిన నోటీసు బల్లమీద ఉంది. దానిని పోలీసు స్టేషనుకు తీసుకుపోయి, అది మన బండి కాదని విన్నవించు. ఫొటోలోనిది ఎర్ర బండి, మనది నలుపు. ఆ బండి నంబరు పలకమీది గంధపుబొట్టు ఎనిమిదిలో ఎడమ సగాన్ని కప్పగా అది మూడై, మన నంబరుగా కనబడి, ఎవడి కర్మమో మన గడప తొక్కింది. "నేను ఎర్రగుంట్ల పక్కకే పోల్యా తాతా" అని నీవు మొత్తుకున్నా నిన్న నమ్మలేదు. నొచ్చుకోకు.

తాత

అన్నట్టు, నుదుట బొట్టు పెట్టుకోమంటే పారిపోయే నీవు, మన బండి నంబరుకు మాత్రం రోజూ అంత భక్తిగా గంధమెందుకు పూస్తున్నావు? మన కర్మం ఎవరి గడప తొక్కుతోంది నాయనా?