గ్యాలరీ అమ్మమ్మ ఎలా చేస్తే అలా

పార్మా, అక్టోబరు 2, గురువారం

మెలోడియా యాత్రల నిర్వాహకులు తుల్లియో ప్రాందీ గారికి, మిలాన్

అయ్యా,

ఈ ఉత్తరం ఈరోజే రాయడానికి కారణం నిన్న రాత్రి మీ యాత్రికులు. ముందు మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఏదో పాటలో మొదటి రెండు వాక్యాలు పదే పదే వినిపించారు. మూడో వాక్యం రాలేదు, మనిషీ రాలేదు. అందుకని కాగితం.

"ఒపేరాతో రెండు వారాలు" అని మీరు అమ్మే సెలవుల యాత్రలో భాగంగా నలభై మందిని మా నాటకశాల పై గ్యాలరీలో కూర్చోబెట్టారు. టికెట్టు కొన్నారు, కూర్చోనివ్వండి. కానీ గాయకుడి గొంతు ఇంకా గాల్లో ఉండగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాద్యాలవాళ్ళు శ్రుతి చూసుకుంటుంటే కొట్టారు. తెరలు మార్చే పనివాళ్ళకూ కొట్టారు. వాళ్ళలో ఒకడు వంగి నమస్కరించాడు కూడా. వాడి మీద నాకు ఫిర్యాదు లేదు.

పై గ్యాలరీ అంటే చవక సీట్లు కాదు, న్యాయస్థానం. బాగా పాడితే చప్పట్లు ఇక్కడే మొదలవుతాయి, చెడగొడితే ఈల ఇక్కడే పడుతుంది. కింద ఖరీదైన సీట్లవాళ్ళు మా తీర్పు విన్నాకే చేతులు కదుపుతారు. లాటిన్ పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ, ఆ తర్వాతా, మూడో వరుస చివరే, ఇదే నల్ల శాలువాతో కూర్చుంటున్నాను. మీవాళ్ళకు పద్ధతి నేర్పండి.

ఇట్లు,
ఎర్సీలియా మనార్దీ

తా.క. 11వ తేదీ శనివారం మా మనవరాలు నొయేమి ఈ వేదిక మీద మొదటిసారి పాడుతుంది. సొంత ఊళ్ళో నెగ్గితేనే మరో ఊరు పిలుస్తుంది. ఆమె మీద దయ చూపమని మాత్రం రాయడం లేదు. తప్పు పాడితే ఎవరికైనా ఒకటే తీర్పని ఆమెకే చెప్పాను. గిన్నెలో సూపు అలాగే వదిలేసి లేచిపోయింది.

మిలాన్, అక్టోబరు 6

ప్రియమైన ఎర్సీలియా గారికి,

మీ ఆత్మీయమైన అభినందన అందింది. అతిథులందరికీ చదివి వినిపించాం. "న్యాయస్థానం" అన్న మాట దగ్గర చప్పట్లు కొట్టారు.

మీ మనవరాలి విషయం మీరు నోరు విప్పి అడగలేకపోయారు. మేం అర్థం చేసుకున్నాం. శనివారం ఆమె వేదిక మీదికి రాగానే మా నలభై మందీ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మా కానుక అనుకోండి.

మీ విధేయుడు,
తుల్లియో ప్రాందీ

తా.క. ఆమె పేరుతో ఒక బ్యానరు కూడా అనుకుంటున్నాం. గులాబీ రంగు పరవాలేదా?

పార్మా, అక్టోబరు 7

ప్రాందీ గారూ,

నేను అడగలేకపోయింది ఏమీ లేదు. అడగలేకపోవడం నాకు అలవాటు లేదు.

పూర్వం గాయకులు కూలి మనుషుల్ని పెట్టి చప్పట్లు కొట్టించుకునేవారు. ఆ మాట ఒకసారి పడితే ఈ ఊళ్ళో ఆ గొంతుకు మళ్ళీ తావు లేదు. ఎంత బాగా పాడినా గ్యాలరీ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మీవాళ్ళు హోటల్లో ఈ కానుక సంగతి ఎవరితోనో అన్నారట. ఈ ఉదయం ఎవారిస్తో మాంసం దుకాణానికి వెళ్ళాను. గ్యాలరీలో అతనిది నా వెనక వరుస. కత్తి ఆపకుండానే అడిగాడు.

"ఏం పంతులమ్మా, శనివారానికి జనాన్ని బస్సులో తోలిస్తున్నావట?"

"నేనెందుకు తోలిస్తాను?"

"మనవరాలు కదా. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందిలే."

"నా మనసు సంగతి నీకెందుకు. పలచగా కొయ్యి."

"పలచగానే కోస్తున్నా. శనివారం మాత్రం మా కళ్ళన్నీ నీ చేతుల మీదే."

దుకాణంలో ఉన్న ఇద్దరూ నవ్వారు. నేను చిల్లర తీసుకోకుండా వచ్చేశాను. నా జీవితంలో అలా ఎప్పుడూ రాలేదు.

కాబట్టి శనివారం మీవాళ్ళు తమంతట తాము ఏమీ చేయకూడదు. గ్యాలరీని చూసి నడుచుకోవాలి. గ్యాలరీ ఊరుకుంటే ఊరుకోవాలి.

ఎర్సీలియా మనార్దీ

తా.క. బ్యానరు వద్దు. గులాబీ రంగుదైతే అసలే వద్దు.

మిలాన్, అక్టోబరు 9

ప్రియమైన ఎర్సీలియా గారికి,

ఈసారి పూర్తిగా అర్థమైంది. మావాళ్ళు సొంతంగా వేలు కూడా కదపరు. ఒక్కొక్కరికీ ఒక కార్డు అచ్చు వేయించి ఇచ్చాం: "మూడో వరుస చివర, నల్ల శాలువా కప్పుకున్న అమ్మమ్మను గమనించండి. ఆమె ఎలా చేస్తే అలా చేయండి." మీ సలహాకు కృతజ్ఞతలు.

మీ విధేయుడు,
తుల్లియో ప్రాందీ

తా.క. అమ్మమ్మ దగ్గితే దగ్గాలా అని ఒకాయన అడిగారు. అక్కర్లేదన్నాం. తప్పయితే చెప్పండి.

మిలాన్, అక్టోబరు 12

ప్రియమైన ఎర్సీలియా గారికి,

శనివారం దిగ్విజయం. మీరు ఈల వేయగానే మా నలభై మందీ ఈల అందుకున్నారు. ఈల రానివాళ్ళు కుర్చీ చరిచారు. మీ ఊరి మనుషులతో ఇంతగా కలిసిపోయింది ఇదే మొదటిసారని అందరూ రాసిచ్చారు. వచ్చే ఏడాది కరపత్రం మీద మీ ఫోటో వేస్తాం.

ఎప్పటికీ మీ,
తుల్లియో ప్రాందీ

తా.క. పాడిన అమ్మాయి ఏడ్చేసిందట. పాత్రలో అంత లీనమైపోయిందన్నమాట. ఇంతకీ మీ మనవరాలు ఎప్పుడు పాడింది? మావాళ్ళు పోల్చుకోలేకపోయారు.

పార్మా, అక్టోబరు 14

ప్రాందీ గారూ,

మీ చివరి రెండు ఉత్తరాలూ ఈ ఉదయం ఒకేసారి అందాయి. 12న రాసినది ముందు విప్పాను. ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత 9న రాసినది విప్పాను.

ఏడ్చిన అమ్మాయే మా మనవరాలు.

నొయేమి బాగా పాడింది. ఈ మాట నేను తేలిగ్గా అనను. పెద్ద పాట సగానికి వచ్చేసరికి గ్యాలరీలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. ఒకచోట మాత్రం, ఆగకూడని చోట ఊపిరి తీసుకుంది. మరో అమ్మాయైతే వదిలేసేదాన్ని. కానీ ఎవారిస్తో నా మెడ వెనకే ఉన్నాడు. మీ నలభై మందీ వేదికను వదిలేసి నన్నే చూస్తున్నారు. చప్పట్లకు నా సైగ కోసం కాచుకున్నారనుకున్నాను. గ్యాలరీ అంతా అదే అనుకుంటోందనుకున్నాను. ఆ కూలి మాట చెరిపేయాలని ఒక్క ఈల వేశాను. పొట్టిది. వెనక వరుసకు వినబడేంత.

తర్వాత మీవాళ్ళు ఏం చేశారో మీరే రాశారు.

ఆమె ఆగి, పైకి చూసింది. మళ్ళీ అందుకుని పాట ముగించింది. ఎలా ముగించిందో ఆ గోలలో ఎవరూ వినలేదు. మెట్లు దిగేటప్పుడు ఎవారిస్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "చప్పట్లు కొన్నవాళ్ళ గురించి మా తాత చెప్పేవాడు పంతులమ్మా," అన్నాడు. "సొంత మనవరాలికి ఈలలు కొన్నదాన్ని నిన్నే చూశాను." అతను నవ్వుతూ అనలేదు.

వచ్చే ఆదివారం నొయేమి మళ్ళీ పాడాలి. పాడనని నాటకశాలకు కబురు పంపింది. గది తలుపు తీయడం లేదు.

ఎర్సీలియా మనార్దీ

తా.క. ఇక జరగవలసినవి:

1. మీవాళ్ళ ఈలలు కార్డు చదివి వేసినవే గాని పాట విని వేసినవి కావని నాటకశాలకు రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరం అందిన రోజే మనిషి చేత పంపాలి. టపాలో వద్దు.

2. ఆ కార్డు నాకొకటి కావాలి. ఎవారిస్తో దుకాణం అద్దానికి నేనే అంటిస్తాను.

3. కరపత్రం మీద నా ఫోటో వేయకూడదు.

4. ఆదివారం వచ్చే మీ యాత్రికులు వేదికనే చూడాలి. నచ్చితే చప్పట్లు కొట్టవచ్చు. తప్పు చోట కొట్టినా నేనేమీ అనను.

5. మీ సంజాయిషీ నలభై ఈలలకే. నాదాన్ని అందులో కలపకండి. అది కార్డు చదివి వేసిందీ కాదు, పాట విని వేసిందీ కాదు. ఆ సంగతి నొయేమికి నేను చెప్పాలి. మొన్న ఆదివారం నుంచీ ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను, చెప్పకుండానే లేచి వస్తున్నాను. ఈరోజు తలుపు తీయకపోయినా చెప్పాలి.